ఇంటికి ఎంత అప్పు, షేర్లకు ఎంత అప్పు?

ప్రశ్న: నా వయసు 36. నేనూ నా భార్యా ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం. డబ్బు విషయం అంకెల్లో రాయడానికి మొహమాటంగా ఉంది, అందుకే అంతా మా ఇద్దరి ఉమ్మడి నెల జీతంతో కొలిచి చెబుతాను. ఆ జీతం నూరు పాళ్లనుకుంటే నాది 60, ఆమెది 40. ఇప్పటివరకు కూడబెట్టింది 18 నెలల జీతం. బాకీలు లేవు. మేముండేది అద్దె ఇంట్లో, అక్కడినుంచి కదిలే ఉద్దేశం లేదు. పెట్టుబడిగా అద్దెకు ఇవ్వడానికి ఒక ఫ్లాటు చూశాం. ధర 60 నెలల జీతం. అందులో 80 శాతం, 20 ఏళ్ల గడువుతో, 8 శాతం మారే వడ్డీకి బ్యాంకు ఇస్తానంటోంది. అద్దె ఏడాదికి ధరలో 4 శాతం దాకా వస్తుందట. విన్నవాళ్లందరూ భేష్ అంటున్నారు. అదే, నా దగ్గరున్న 18 నెలల సొమ్ముకు బ్రోకర్ దగ్గర ఇంకో 18 నెలల సొమ్ము 10 శాతం వడ్డీకి తీసుకుని షేర్లు కొంటానంటే ఇంటిల్లిపాదీ నన్ను జూదరిని చూసినట్టు చూస్తున్నారు. ఇంటికి 80 శాతం అప్పు తెలివైన పని అయితే షేర్లకు 50 శాతం తెలివితక్కువ ఎలా అవుతుంది? దీర్ఘకాలంలో షేర్లే ఎక్కువ ఇస్తాయంటారు కదా? అసలు దేనికి ఎంతవరకు అప్పు చేయవచ్చు? ఇంకొక్క మాట. మొదటి 5 ఏళ్లు వడ్డీ మాత్రమే కట్టే పథకం ఒకటి ఉందని, దానితో నెల భారం తగ్గుతుందని మా బావమరిది అంటున్నాడు. తీసుకోవచ్చా?

సమాధానం: మీరు మొహమాటంతో ఎంచుకున్న కొలమానం చాలా మంచిది. అప్పును ధరలో శాతంగా కొలవడం బ్యాంకుకు అలవాటు, దాని అవసరం అది. తీర్చేవాడు కొలుచుకోవలసింది నెల జీతాలతోనే. మీ ఉత్తరమంతా ఆ లెక్కలోనే రాసి, చివరి ప్రశ్నలు మాత్రం మళ్లీ శాతాల్లో అడిగారు. 80 ఎందుకు ఒప్పు, 50 ఎందుకు తప్పు అని. చిక్కుముడి అక్కడే పడింది.

ముందు ఇంట్లోవాళ్ల సంగతి. వాళ్ల భయంలో నిజం ఉంది, వాళ్ల భరోసాలో అంత నిజం లేదు. 20 శాతం సొంత సొమ్ముతో ఇల్లు కొన్నవాడికి ధర 20 శాతం పడితే కాగితం మీద మిగిలేది సున్నా. అలా పడదని అనుకోవడానికి వీల్లేదు. ఐర్లండ్‌లో ఇళ్ల ధరలు 2007 శిఖరం నుంచి 2013 నాటికి సగానికి పైగా పడిపోయాయి. అమెరికాలో దేశవ్యాప్త సగటే 2006 నుంచి 2012 లోపు పావు వంతుకు పైగా తగ్గింది. జపాన్‌లో 1991 ప్రాంతంలో దిగడం మొదలుపెట్టిన నగరాల భూముల ధరలు పదిహేనేళ్లు దాదాపు ఆగకుండా దిగాయి. ఇల్లు నిలకడగా కనిపించడానికి సగం కారణం దాని ధరను ఎవరూ రోజూ మనకు చదివి వినిపించకపోవడం. గుమ్మం పక్కన ఆ పూట ధర వెలిగే బోర్డు ఒకటి ఉంటే ఎంతమంది ప్రశాంతంగా నిద్రపోయేవారో చెప్పలేను.

అయినా ఐర్లండ్‌లో ధర సగానికి పడినవాళ్లలో ఎక్కువమంది ఇళ్లు పోగొట్టుకోలేదు. అదే దామాషాలో అప్పు చేసి షేర్లు కొన్నవాళ్లకు అలాంటి పతనంలో ఏమీ మిగలదు. తేడా ఎక్కడుంది? వాయిదా సమయానికి అందుతున్నంతకాలం గృహ రుణం ఇచ్చినవాడు సాధారణంగా ఇంటి ధర ఎంతో అడగడు. ధర పడిన సంవత్సరాల్లో ఆ అప్పును ఇల్లు మోయలేదు, యజమాని జీతం మోసింది. ఇల్లు మధ్యలో హామీగా నిలబడిందంతే. బ్రోకర్ ఇచ్చే అప్పులో మీ జీతానికి పాత్రే లేదు. ఆ అప్పును మోయవలసింది షేర్లే. అవి మోయలేని రోజున, అంటే సరిగ్గా పడిపోయిన రోజున, బ్రోకర్ వాటిని అమ్మేస్తాడు. ఆ హక్కు ఒప్పందంలోనే ఉంటుంది.

ఇది నా ఊహ కాదనడానికి చరిత్రలో ఒక చక్కని ఉదాహరణ ఉంది. 1920లలో అమెరికాలో గృహ రుణాలు సాధారణంగా ధరలో సగానికి మించేవి కావు. ఇప్పటి 80 శాతంతో పోలిస్తే ఎంత జాగ్రత్తగా ఉన్నట్టు! కానీ ఆ అప్పుల గడువు అయిదు, పదేళ్లు. చాలావాటిలో ఆ కాలమంతా వడ్డీ మాత్రమే కట్టి, చివర్న అసలంతా ఒకేసారి చెల్లించాలి. చెల్లించలేనివారు అప్పును తిరగరాయించుకునేవారు. 1930లలో బ్యాంకులే కూలిపోతుంటే తిరగరాసేవాడు లేకపోయాడు. సగం ధరకే అప్పు చేసిన జాగ్రత్తపరుల ఇళ్లు కూడా వేలంలోకి వెళ్లాయి. 1933, 1934 సంవత్సరాల్లో అక్కడి ప్రభుత్వం పెట్టిన సంస్థలు పదిహేను, ఇరవై ఏళ్లపాటు అసలూ వడ్డీ కలిపి సమాన వాయిదాల్లో తీర్చే రుణాన్ని వాడుకలోకి తెచ్చాయి. అప్పు శాతం 80 దాకా పెరిగింది, ప్రమాదం మాత్రం తగ్గింది. మీ మొదటి ప్రశ్నకు ఇందులో సమాధానం ఉంది. శాతాన్ని బట్టి ప్రమాదం ఎంతో తెలియదు. ఆ సొమ్మును ఎప్పుడు, ఏ కారణం చూపి వెనక్కి అడగవచ్చో చూస్తే తెలుస్తుంది.

ఇక మీ షేర్ల పథకాన్ని దగ్గరగా చూద్దాం. మీవి 18, అప్పు 18, కొన్న షేర్లు 36. మొత్తం విలువలో మీ వాటా 30 శాతానికి తగ్గకూడదని బ్రోకర్ షరతు అనుకుందాం. షేర్ల విలువ 36 నుంచి 25.7కు దిగితే మీ వాటా 7.7 అవుతుంది, అంటే సరిగ్గా 30 శాతం. అక్కడికి చేరడానికి 28.6 శాతం పతనం చాలు. అమెరికా పెద్ద కంపెనీల షేర్ల కదలికను చూపే ఎస్ అండ్ పి 500 సూచీ 2020లో ఫిబ్రవరి 19 నుంచి మార్చి 23 లోపు, అయిదు వారాల్లో, 34 శాతం పడింది. 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి వరకు 57 శాతం పడింది. 1987 అక్టోబరు 19న అమెరికాదే అయిన డౌ జోన్స్ సూచీ ఒక్క రోజులో 22.6 శాతం పడింది. ఆ ఒక్క రోజుకు మీరు బతికి బయటపడినా కొన్న ధరలో ఇంకో ఆరు శాతం దూరంలోనే ఆ 30 శాతం గీత ఉంటుంది. నేను వేసిన 30 శాతం ఉదారమైన లెక్క. కొందరు 50 అడుగుతారు. సగానికి సగం అప్పు చేసినవాడికి అప్పుడు కొన్న మరునాడు ధర కాస్త తగ్గినా, ఇంకొంత సొమ్ము జమ చేయమని బ్రోకర్ నుంచి కబురు వస్తుంది.

ఆ కబురు ఎలా వస్తుందో నాకు తెలుసు. 2020 మార్చిలో నా ఖాతాలో నూటికి 40 పాళ్లు అప్పు ఉండేది. లెక్క ప్రకారం 43 శాతం పడితే తప్ప నాకు బెడద లేదు. ఆ లెక్కను ఒక నోటు పుస్తకంలో రాసి కింద రెండు గీతలు కూడా గీశాను. నా దగ్గరున్నవన్నీ చిన్న కంపెనీల షేర్లు. సూచీ మూడోవంతు పడితే అవి సగం దాకా పడతాయన్నది నా పుస్తకంలో లేదు. బ్రోకర్ మధ్యలో తన షరతును బిగించగలడన్నది ఒప్పందంలో ఉంది, నేను చదవలేదు. ఒక ఉదయం 8 గంటల 40 నిమిషాలకు ఫోనులో సందేశం వచ్చింది. మధ్యాహ్నం పన్నెండు లోపు ఇంత జమ చేయాలి. డబ్బు లేక కాదు, బ్యాంకు డిపాజిట్‌లో ఉంది. దాన్ని రద్దు చేస్తే సొమ్ము చేతికి వచ్చేది మరునాడు. పన్నెండు దాటిన అయిదు నిమిషాలకు నా షేర్లు ఒక్కొక్కటిగా అమ్ముడుపోవడం తెర మీద చూస్తూ కూర్చున్నాను. అమ్మింది మనిషి కూడా కాదు, ఒక కంప్యూటర్. ఆగస్టు వచ్చేసరికి ఎస్ అండ్ పి పాత శిఖరాన్ని చేరుకుంది. నేను కొన్న కంపెనీలు దాదాపు అన్నీ కోలుకున్నాయి. అంటే నా ఎంపిక తప్పు కాలేదు. వేచి ఉండే హక్కును నెలకు కొంత వడ్డీ చొప్పున ఇంకొకరికి అమ్ముకున్నాను, అదీ తప్పు.

షేర్లు దీర్ఘకాలంలో ఎక్కువ ఇస్తాయన్న మాటకు ఇక్కడే ఒక షరతు అతుక్కుంటుంది. దీర్ఘకాలం అనేది వేచి ఉండగలిగినవాడికే దక్కుతుంది. 1929లో న్యూయార్క్ బ్రోకర్లు షేరు ధరలో 90 శాతం దాకా కూడా అప్పిచ్చేవారు. ఆ సెప్టెంబరు శిఖరం నుంచి 1932 జూలై నాటికి డౌ జోన్స్ 89 శాతం పడింది, తిరిగి ఆ ఎత్తు చూసింది 1954 నవంబరులో. జపాన్ నిక్కీ సూచీ 1989 చివర్లో తాకిన శిఖరాన్ని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. 34 ఏళ్లు! అప్పులేనివాడు ఈ మధ్యకాలంలో డివిడెండ్లు తీసుకుంటూ, చవకలో ఇంకొన్ని కొనుక్కుంటూ ఉండగలడు. అప్పున్నవాడికి ఆ ఏళ్ల మాట అటుంచి, మొదటి కొన్ని నెలలే దక్కవు.

ప్రతిఫలం ఎక్కువ ఉన్నచోటే అప్పు ఎక్కువ ఉండాలి కదా అన్న మీ తర్కానికి గణితం చెప్పే జవాబు వేరు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో పనిచేసిన జాన్ కెల్లీ 1956లో పందేలకు సంబంధించి ఒక సూత్రం ఇచ్చాడు. తర్వాత దాన్ని షేర్లకు అన్వయించారు. దాని సారం ఇంతే. వడ్డీ పోగా మిగులుతుందని ఆశించే ప్రతిఫలాన్ని, ఒడుదొడుకుల వర్గంతో భాగించాలి. వచ్చిన అంకె మీ సొంత సొమ్ముకు ఎన్ని రెట్లు పెట్టవచ్చో చెబుతుంది. షేర్ల సూచీ ఏడాది ఒడుదొడుకు, అంటే రాబడి సగటుకు అటూ ఇటూ ఊగే మేర, 20 శాతం అనుకోండి. 0.20ను 0.20తో గుణిస్తే 0.04. షేర్లు 12 శాతం ఇస్తాయని, అప్పు 7 శాతానికి దొరుకుతుందని అనుకుంటే మిగులు 0.05. భాగిస్తే 1.25. అంటే నూరు సొంత సొమ్ముకు పాతిక అప్పు, మొత్తంలో అయిదో వంతు. మీ బ్రోకర్ వడ్డీ 10. మిగులు 0.02, జవాబు 0.5. అది ఒకటికి తక్కువ, అంటే ఈ వడ్డీకి అసలు అప్పే వద్దంటోంది సూత్రం. పైగా సూత్రం ఇచ్చే అంకె గరిష్ఠం. మన అంచనాలు తప్పుతాయి కాబట్టి అనుభవజ్ఞులు ఈ అంకెలో సగం దగ్గరే ఆగుతారు.

ఒడుదొడుకులను వర్గం చేయడం చాదస్తమేమీ కాదు. నూరు సొమ్ము 20 శాతం పడి 80 అయి, తర్వాత 25 శాతం పెరిగితే మళ్లీ నూరు. రెండింతలు ఎగసి రెండింతలు పడేలా అమర్చుకున్నవాడికి 40 శాతం పడి 60, తర్వాత 50 శాతం పెరిగి 90. మార్కెట్ ఉన్నచోటికే తిరిగి వచ్చింది, ఇతను మాత్రం పది పోగొట్టుకున్నాడు. రోజువారీ రెండింతల ఫండ్లు అమ్మేవారు ఈ చిన్న లెక్క ఎక్కడో అడుగున, చిన్న అక్షరాల్లో రాస్తారు.

యేల్ విశ్వవిద్యాలయ ఆచార్యులు ఇద్దరు దీనికి ఎదురు వాదన చేశారని ఇక్కడే చెప్పాలి. యువకుడి అసలు సంపద అతను ముందుముందు సంపాదించబోయే జీతం, చేతిలో ఉన్న షేర్లు అందులో పిసరంత, కాబట్టి చిన్న వయసులో సొంత సొమ్ముకు రెండింతల దాకా షేర్లలో ఉండవచ్చని వారి వాదన. జీతాన్ని సంపదగా లెక్కించాలన్న మాట నాకూ నచ్చింది, ఇందాకటినుంచి నేను చెబుతున్నదీ అదే. కానీ మీరు ఇరవై ఏళ్ల తర్వాత సంపాదించబోయే జీతాన్ని ఈ మధ్యాహ్నం పన్నెండు లోపు బ్రోకర్ ఖాతాలో జమ చేయలేరు. పనిముట్టు సరైనది కానప్పుడు ఆలోచన సరైనదైనా చెయ్యి తెగుతుంది.

అందుకని షేర్లకు నేనిచ్చే హద్దు ఇది. ఏ అప్పూ వద్దనడమే నా మొదటి సలహా. మనసు ఊరుకోకపోతే మొత్తంలో 20 శాతం, అదీ విడివిడి కంపెనీల మీద కాకుండా విస్తృతమైన సూచీ మీదే. అప్పుడు బ్రోకర్ 50 శాతం వాటా అడిగేవాడైనా 60 శాతం పతనం వరకు కబురు రాదు. 2007లో మొదలైన పతనాన్ని కూడా తట్టుకుంటారు, 1929ని తట్టుకోలేరు. ఇంత జాగ్రత్త పడ్డాక మీకు దక్కేదేమిటో చూడండి. 18 నెలల సొమ్ములో 6 అత్యవసరానికి పక్కన పెట్టి, 12 పెట్టుబడి పెట్టి, దానికి 3 అప్పు చేశారు. షేర్లు 12 శాతం ఇచ్చాయి, వడ్డీ 10 పోయింది. 3 నెలల జీతం మీద 2 శాతం మిగులు, అంటే ఏడాదికి సుమారు రెండు రోజుల జీతం. దాని కోసం రోజూ ఉదయాన్నే ఫోను చూసుకోవాలి. నాకైతే గిట్టుబాటు అనిపించదు. ఆ 12తో మొదలుపెట్టి, ప్రతి నెలా జీతంలోంచి ఇంకొంత కలుపుతూ పోతే అప్పు లేకుండానే జీతం షేర్లుగా మారుతుంది.

ఇప్పుడు మీ ఫ్లాటు. అందరూ భేష్ అన్న ఈ పథకం షేర్ల పథకమంత ప్రమాదకరంగానే ఉంది. కాకపోతే దీని ప్రమాదం నెలనెలా కొంచెం కొంచెంగా వస్తుంది.

ధర 60, అప్పు 48, మీరు పెట్టేది 12. రిజిస్ట్రేషను, పన్నులు, మధ్యవర్తి రుసుము, రంగులూ మరమ్మతులూ కలిపి 8 శాతం అనుకుంటే ఇంకో 4.8. ఆ ఖర్చు ధరలో 8 శాతమే గానీ మీరు పెట్టిన సొంత సొమ్ములో 40 శాతం. కొన్న రోజునే అది ఆవిరి. 18లోంచి 16.8 పోతే చేతిలో మిగిలేది ఒక నెల జీతం, పైన మరో వారం. నెల వాయిదా మీ ఉమ్మడి జీతంలో 40 పాళ్లు. ఆ అంకెను మీ ఉత్తరంలో ఇంకోచోట చూశాను. మీ భార్య జీతం సరిగ్గా అంతే. ఫ్లాటు ఖాళీగా ఉన్న నెలల్లో ఆమె సంపాదనంతా వాయిదాకు పోతుంది. ఇద్దరిలో ఒకరి ఉద్యోగానికి అంతరాయం వస్తే, అది ప్రసూతి సెలవు కావచ్చు, అనారోగ్యం కావచ్చు, రెండో నెల వాయిదాకే తడుముకోవాలి. ధర పడినా గృహ రుణం ఇచ్చినవాడు అడగడన్నాను. వాయిదా ఆగితే మాత్రం అడుగుతాడు. పైగా చాలా దేశాల్లో ఇల్లు వేలం వేసినా తీరని బాకీ మీ నెత్తినే ఉంటుంది.

4 శాతం అద్దె అన్నారు. ఖాళీ నెలలు, మరమ్మతులు, పన్నులు తీసేస్తే 3 మిగిలితే సంతోషించాలి. అంటే నెలకు 15 పాళ్లు. మొదటి ఏడాది వడ్డీయే నెలకు 32 పాళ్లు. అద్దెకూ వడ్డీకీ మధ్య ఉన్న గుంతను ధర పెరుగుదల పూడ్చాలి. అద్దె 3, వడ్డీ 8 అయినప్పుడు ధర ఏటా 5 శాతం పెరిగితే అప్పు చేసినందుకు మీకు లాభమూ లేదు, నష్టమూ లేదు. ఆరు పెరిగితే, అప్పు సొంత సొమ్ముకు నాలుగింతలు కాబట్టి, ఆ అదనపు ఒక శాతం నాలుగింతలై మీ మామూలు రాబడికి కలుస్తుంది. నాలుగే పెరిగితే అదే నాలుగింతలు మీ జేబులోంచి పోతుంది. కొనేటప్పుడు అందరూ మొదటి సగమే చెబుతారు. అయిదుకు తగ్గకుండా ఇరవై ఏళ్లు పెరుగుతుందని మీరు నమ్ముతున్నారా అన్నది మీరే తేల్చుకోవాలి. నేనైతే పందెం కాయను.

వడ్డీ మారేదని కూడా రాశారు. 8 నుంచి 11కు చేరితే 20 ఏళ్ల అప్పులో లక్షకు నెలవారీ 836 కాస్తా 1032 అవుతుంది. మీ 40 పాళ్లు 50 దగ్గరికి వస్తాయి. ఉమ్మడి జీతంలో సగం!

కాబట్టి ఇంటికి నా కొలత ఇది. ఇప్పటి వడ్డీకి మరో 3 కలిపి వాయిదా లెక్కగట్టండి. అది ఉమ్మడి జీతంలో 30 పాళ్లు దాటకూడదు. 11 శాతం లెక్కన మీకు వచ్చే గరిష్ఠ అప్పు 29 నెలల జీతం. బ్యాంకు ఇస్తానన్న 48తో పోల్చి చూడండి. ఏడాది వాయిదాలూ కొన్ని నెలల ఇంటి ఖర్చూ విడిగా ఉండాలి, అందుకే 18లో 6 కదపకూడదు. మిగిలిన 12కు 29 కలిపితే ఖర్చులు పోగా 38 నెలల జీతం ధర గల ఇల్లు వస్తుంది. తమాషా ఏమిటంటే, ఇందులోనూ అప్పు ధరలో 76 శాతమే. మీ 80కీ దీనికీ శాతాల్లో చూస్తే తేడా నాలుగు. నెల జీతాల్లో చూస్తే పందొమ్మిది.

అయితే ఈ 38 నెలల ఇల్లు మీరు స్వయంగా ఉండేదైతేనే. అప్పుడు మీ సొంత అద్దె తప్పుతుంది, అది ఏ నెలా ఖాళీగా ఉండని ఆదాయం. అద్దెకిచ్చే ఇంటికి నేను ధరలో 60 శాతం దాటను. ఆ లెక్కన మీ 12తో వచ్చేది 25 నెలల జీతం ధర గల ఇల్లు, 15 నెలల అప్పు. చిన్నదే. మీరు చూసినచోట అంత చిన్నది దొరకకపోతే కొనకండి. రెండు మూడేళ్లు ఆగితే పోయేదేమీ లేదు. ఈలోగా ధర పెరిగిపోతుందని ఎవరైనా తొందరపెడితే, ఆ మనిషికి ఈ అమ్మకంలో రుసుము ఉందో లేదో కనుక్కోండి.

స్థిరమైన వడ్డీతో దీర్ఘకాలపు అప్పు దొరికితే నా 30 పాళ్ల హద్దును కొంచెం సడలించవచ్చు. ధరలూ జీతాలూ పెరిగేకొద్దీ అలాంటి అప్పు తనంతట తానే చిక్కిపోతుంది. మారే వడ్డీలో ఆ వెసులుబాటు తక్కువ, ధరలు పెరిగినప్పుడు వడ్డీ కూడా వెంటే వస్తుంది.

మీరు అడగలేదు గానీ అడగబోతారని తెలుసు. ఇల్లు కొన్నాక దాని మీద అప్పు తీసుకుని ఆ సొమ్ముతో షేర్లు కొంటే? బ్రోకర్ కబురు రాదు, వడ్డీ కూడా తక్కువ. రెండూ నిజమే. ఆ రకంగా చూస్తే షేర్లకు చేసే అప్పుల్లో ఇదే తక్కువ చెడ్డది. కానీ ఆర్థిక మాంద్యం వచ్చినప్పుడు షేర్లు, ఉద్యోగాలు, ఇళ్ల ధరలు మూడూ కలిసే పడవచ్చు, 2008లో పడ్డాయి. వాయిదా కట్టడానికి షేర్లు అమ్మాలంటే అవి సగం ధరలో ఉంటాయి, ఇల్లు అమ్మాలంటే కొనేవాడుండడు. షేర్ల కబురు రాకుండా చేసుకోవడానికి మీ ఇంటినే తాకట్టు పెట్టినట్టవుతుంది. చేసేవారు చేయండి, కానీ ఆ అప్పును కూడా పైన చెప్పిన 29 నెలల్లోనే లెక్కించాలి. ఇంటి అప్పు వేరు, షేర్ల అప్పు వేరు, కారు అప్పు వేరు అని విడివిడిగా హద్దులు పెట్టుకుంటే అన్నీ హద్దులోనే ఉన్నట్టు కనిపిస్తాయి. తీర్చే జీతం మాత్రం ఒక్కటే.

ఇక మీ బావమరిది చెప్పిన పథకం. 48 నెలల అప్పుకు మొదటి 5 ఏళ్లు వడ్డీ మాత్రమే కడితే నెలకు 32 పాళ్లు. నలభైకి ముప్పై రెండు, తేలిగ్గానే ఉంటుంది. ఆ అయిదేళ్లలో అసలు ఒక్క పైసా తగ్గదు. ఆరో ఏడు మొదలయ్యాక అదే 48ని మిగిలిన 15 ఏళ్లలో తీర్చాలి కాబట్టి, వడ్డీ ఏమీ మారకపోయినా వాయిదా 46 పాళ్లకు ఎగబాకుతుంది. పెరిగి ఉంటే ఇంకా ఎక్కువ. 1920లలో ఇళ్లు ముంచిన అప్పుకు ఇది చెల్లెలు వరస. ఆరో ఏడు మొదటి నెల వాయిదాలో ఆ పెరిగిన 14 పాళ్లు తాను కడతానని కాగితం రాసిస్తాడేమో మీ బావమరిదినే అడిగి చూడండి.